చెవి ఉన్న సముద్రం

కళింగపట్నం లైట్‌హౌస్ వెలుగు
మా జిరాక్స్ షాపు షట్టరు మీదుగానే పోతుంది.
ఇంత దగ్గరుండీ
నేను పడవెక్కింది ఒక్కసారే,
అదీ ఒడ్డు కనబడేంత దూరం, కక్కుకుంటూ.

అందుకేనేమో
జలాంతర్గామి ఆటలంటే నాకు పిచ్చి.

షాపు సిస్టమ్ పాతది.
హార్డ్ డిస్క్ నిండా రేషను దరఖాస్తులు, శుభలేఖలు,
ఎవరెవరివో దినకర్మల కార్డులు.
ఒక్క ఆటకే చోటు మిగిలింది.
శ్రీకాకుళం ఏడురోడ్ల దగ్గర
పాత సీడీలమ్మే బమ్మిడి జగ్గారావు
రెండు చేతిలో పెట్టాడు.
"రెండూ యాభై. నచ్చలేదని మళ్లీ తేవద్దు."

మొదటిది కొత్తదాని కింద లెక్క,
అంటే పదిహేనేళ్లది.
పెరిస్కోప్ అద్దం మీంచి నీటిబొట్లు జారతాయి.
సాయంత్రం సూర్యుడు అలల్లో నిజంగానే నలుగుతాడు.
నా సిస్టమే దాన్ని మొయ్యలేదు.
లేచిన అల లేచినచోటే ఆగిపోయి
నేను టీ తాగొచ్చాక విరుగుతుంది.

రెండోది ముసలిది.
పదహారు రంగులు. సముద్రమంటే ఒక పచ్చగీత,
ఓడంటే దాని మీద అగ్గిపెట్టె.
మౌస్ పట్టదు, అన్నిటికీ మీటలే.
కోణం, వేగం, దూరం
నోటుపుస్తకంలో మనమే వేసుకోవాలి,
తొమ్మిదో తరగతి లెక్కల మాస్టారు
ఇన్నేళ్లకి వెతుక్కుంటూ వచ్చినట్టు.
ఒక్క వేటకి మూడు రాత్రులు.
ఎక్కువసేపు ఏమీ జరగదు.

ఇది దింపి అది ఎక్కించి,
అది తీసి ఇది పెట్టి,
మూడు రోజులు తేల్చుకోలేకపోయాను.
"రెండు చీరలకి నన్నంటావు" అంది హైమ.

నాలుగో రోజు
గరికిన తవిటయ్య ఆధార్ జిరాక్స్‌కొచ్చాడు.
మిషను మీద వేలిముద్ర పడని మనిషి.
తాళ్లు లాగి లాగి
వేళ్ల మీది గీతలు సముద్రానికే ఇచ్చేశాడు.
నేనేం ఆడుతున్నానో చెబితే
అడక్కుండానే హెడ్‌ఫోన్ అందుకున్నాడు.

తవిటయ్యకి వినడం తెలుసు.
తెడ్డు నీళ్లలో నిలబెట్టి
పిడికి చెవి ఆనించి
గొరకల మంద ఎటుందో చెప్పేస్తాడు.

కొత్తది విన్నాడు. తీసేశాడు.
"నీరు బాగున్నాది గానీ, ఇది సెవిటి సంద్రం బావూ.
వొక్కటే గాలి, తిప్పి తిప్పి ఏస్తన్నాడు."

ముసలిది విన్నాడు.
కళ్లు మూసుకున్నాడు.
బయట ఆటో హారన్‌కి
చెయ్యెత్తి ఆగమన్నాడు.
"అదిగో. పెద్ద మోటారు.
సరుకు నిండా ఉన్నాది, బరువుగా ఎల్తంది.
కుడిసేతేపు."

పచ్చగీత మీద అగ్గిపెట్టె లేచింది.
కుడివైపే.

గురి కుదిరింది. మీట మీద నా వేలు.
"దాన్లో ఏటుంది?"
పుస్తకం తిప్పాను. ఏడు వేల టన్నులు.
"మనుసులెందరు?"
అది పుస్తకంలో లేదు.
"వంటోడుంటాడు గదా.
ఈయేళకి బియ్యం కడుగుతుంటాడు."

ఇది ఆట పెద్దయ్యా, అన్నాను.
"ఆటే. నాను కాదన్నానా?"

హెడ్‌ఫోన్ ఇంకా ఆయన చెవుల మీదే ఉంది.
ఆ రెక్క చప్పుడు సన్నబడి
ఆయన ముఖంలోంచి వెళ్లిపోయేదాకా
ఇద్దరం ఊపిరి బిగబట్టుకున్నాం,
నీళ్ల అడుగునున్నవాళ్లలా.

తెర మీద ఎర్రక్షరాలు: మిషన్ ఫెయిల్డ్.
మునిగినవి సున్నా టన్నులు.

అందమైనదాన్ని జగ్గారావు
అన్నట్టే వెనక్కి తీసుకోలేదు.
ఇప్పుడది నా టీగ్లాసు కింద మెరుస్తోంది.

జిరాక్స్ మరిచిపోయి వెళ్లిన తవిటయ్య
మర్నాడు దానికోసం వచ్చాడు.
చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెడుతూ
"ఆ వోడ సేరిందేటి?" అన్నాడు.

నోటుపుస్తకం తీశాను.
వేగం, దూరం, కోణం.
పెన్సిల్‌తో రెండుసార్లు సరిచూసుకుని
ఇంకో రెండు రాత్రులు పడుతుంది, అన్నాను.